కార్డు లేకుండా కార్డు పరీక్ష: నెట్‌డెవ్‌సిమ్ ఎంతవరకు పనికొస్తుంది

ఎస్ఆర్-ఐఓవీ (ఒక కార్డుని అనేక వర్చువల్ కార్డులుగా పంచడం), స్విచ్‌డెవ్ (కార్డు లోపలి స్విచ్‌ని కెర్నెల్‌తో నడపడం) అన్నీ ఉన్న ఖరీదైన నెట్‌వర్క్ కార్డు ల్యాబ్‌లో ఒకటుంటే, దాని కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు పదిమంది ఉంటారు. కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు నడిపే సీఐ సర్వర్లలో ఆ ఒక్కటీ ఉండదు. చేతిలో కార్డు ఉన్నా కష్టాలు తీరవు. ఫర్మ్‌వేర్ మార్చాక రీలోడ్ ఫెయిలైతే మన ప్రోగ్రాం ఏం చేస్తుందో చూడాలనుకోండి. దాన్ని నిజంగానే ఫెయిల్ చేయించాలి. ఆ తర్వాత కార్డు లేస్తుందో లేదో చెప్పలేం. లైనక్స్ కెర్నెల్‌లో నెట్‌డెవ్‌సిమ్ అనే డ్రైవర్ ఉన్నది ఇలాంటి అవసరాలకే. వెనక ఏ చిప్పూ ఉండదు, అయినా ఉన్నట్టే జవాబులిస్తుంది. కెర్నెల్‌తో పాటే వస్తుంది కాబట్టి ధర సున్నా.

దీన్ని వాడే ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి. నెట్‌డెవ్‌సిమ్ మీ డ్రైవర్‌ని పరీక్షించదు. డ్రైవర్‌తో మాట్లాడేవాళ్ళని పరీక్షిస్తుంది. కెర్నెల్‌లోని డెవ్‌లింక్ (కార్డు మొత్తాన్ని సర్దే ఇంటర్‌ఫేస్) కోడ్, ఈథ్‌టూల్ (పోర్టు సెట్టింగులు మార్చేది) నెట్‌లింక్ కోడ్, వాటికి పైన యూజర్‌స్పేస్‌లో మీరు రాసుకున్న ఏజెంటు, కాన్ఫిగరేషన్ డెమన్, మానిటరింగ్ స్క్రిప్టు: ఇవీ దీని ముందు పరీక్షకు కూర్చునేవి. రిజిస్టర్లు, డీఎంఏ రింగులు, ఇంటరప్టులు ఇందులో లేవు. కాబట్టి 'మా కార్డుకి రాసిన డ్రైవర్‌లో రింగ్ నిండినప్పుడు వచ్చే బగ్' పట్టుకోవాలని దీన్ని ఎక్కించుకుంటే అది నేల విడిచి సామే. ఈ తేడా తెలియక నిరాశపడేవాళ్ళే ఎక్కువ. తెలిసి వాడితే మాత్రం ఈ పనికి ఇంత మంచి సాధనం ఇంకోటి లేదు.

దీన్ని రాసింది జేకబ్ కిచిన్‌స్కీ, అప్పట్లో నెట్‌వర్క్ కార్డుల కంపెనీ నెట్రోనోమ్‌లో. 2018 ఏప్రిల్‌లో వచ్చిన కెర్నెల్ 4.16లో చేరింది. బీపీఎఫ్ ప్రోగ్రామ్‌ని (కెర్నెల్ లోపలికి ఎక్కించి నడిపే చిన్న ప్రోగ్రాం) సీపీయూ మీద కాకుండా కార్డు మీదే నడిపించే ఆఫ్‌లోడ్ సౌకర్యానికి ఆనాడు కెర్నెల్‌లో మద్దతిచ్చిన కార్డులు నెట్రోనోమ్‌వే. అవి లేనివాళ్ళు కెర్నెల్‌లోని ఆ భాగాన్ని ఎలా పరీక్షించాలి అన్న ప్రశ్నలోంచి ఇది పుట్టింది. ఆ పుట్టుమచ్చ ఇప్పటికీ కనిపిస్తుంది: డీబగ్ఎఫ్ఎస్‌లో (డీబగ్గింగ్ కోసం కెర్నెల్ చూపించే ఫైళ్ళ చోటు) బీపీఎఫ్ పేరుతో మొదలయ్యే ఫైళ్ళు చాలానే ఉంటాయి. తర్వాత కెర్నెల్ డెవలపర్ జిరి పిర్కో 5.2లో దీన్ని సొంత బస్ ఉన్న పరికరంగా మార్చాక డెవ్‌లింక్ వైపు బాగా పెరిగింది.

ఆ మార్పు వల్లే ఇంటర్నెట్‌లో దొరికే పాత ఉదాహరణలు సగం పనిచేయవు. 'ఐపీ లింక్ యాడ్ టైప్ నెట్‌డెవ్‌సిమ్' అని కొడితే కొత్త కెర్నెల్ ఒప్పుకోదు. ఫలానా ఫైల్‌లో రాయమని ఎర్రర్‌లోనే దారి చెబుతుంది, అది మర్యాద. (ఆదేశాలన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.)

ముందు మాడ్యూల్ సంగతి. 'మోడ్‌ప్రోబ్ నెట్‌డెవ్‌సిమ్' అనగానే మాడ్యూల్ దొరకలేదన్న జవాబు వస్తే కంగారు పడక్కర్లేదు. ఇది టెస్టింగ్ సరుకు కాబట్టి చాలా డిస్ట్రోలు మూల కెర్నెల్ ప్యాకేజీలో పెట్టవు. ఉబుంటూలో అదనపు మాడ్యూళ్ళ ప్యాకేజీలో వెతకాలి, ఫెడోరాలో ఇంటర్నల్ మాడ్యూళ్ళ ప్యాకేజీలో. బూట్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ ఫైల్‌లో నెట్‌డెవ్‌సిమ్ వరసకి ఎదురుగా 'ఎం' గానీ 'వై' గానీ లేకపోతే ఏ ప్యాకేజీ వేసినా రాదు, కెర్నెల్ కట్టుకోవాల్సిందే. కట్టేటప్పుడు డీబగ్ఎఫ్ఎస్ ఆన్‌లో ఉండి తీరాలి, లేకపోతే మెనూలో ఈ ఆప్షనే కనబడదు. ఇంకా ఏమేం కావాలో ఒక్కొక్కటిగా వెతుక్కోనక్కర్లేదు. కెర్నెల్ సోర్సులోని సెల్ఫ్‌టెస్టుల డైరెక్టరీలో నెట్‌డెవ్‌సిమ్ ఫోల్డర్ కింద 'కాన్ఫిగ్' అని చిన్న ఫైల్ ఉంటుంది. దాన్ని మీ కాన్ఫిగ్‌తో కలిపేస్తే సరిపోతుంది.

పరికరం పుట్టించడం ఒక్క వాక్యం పని. /సిస్/బస్/నెట్‌డెవ్‌సిమ్/ కింద న్యూ_డివైస్ అనే ఫైల్‌లోకి '10 2 4' అని ఎకో చేయాలి. మొదటి అంకె పరికరం ఐడీ, రెండోది ఎన్ని పోర్టులు, మూడోది పోర్టుకి ఎన్ని క్యూలు. చివరి రెండూ రాయకపోతే ఒక్క పోర్టు, ఒక్క క్యూ. తీసేయడానికి డెల్_డివైస్‌లో '10' అని రాస్తే చాలు. నడుస్తున్న పరికరానికి పోర్టు చేర్చాలంటే దాని సొంత డైరెక్టరీలో న్యూ_పోర్ట్, తీసేయడానికి డెల్_పోర్ట్ ఉన్నాయి. పోర్టు వచ్చి పోవడాన్ని మీ డెమన్ ఎలా తట్టుకుంటుందో చూడటానికి ఈ రెండు ఫైళ్ళు బాగా అక్కరకొస్తాయి. అసలు కార్డుతో ఆ పని చేయాలంటే కేబుల్ పీకడం కాదు, కార్డే పీకాలి.

ఇంత సులువైన చోట కూడా మూడు గుంటలున్నాయి.

మొదటిది ఐడీ. అప్పటికే ఉన్న ఐడీని మళ్ళీ రాస్తే వచ్చే ఎర్రర్ 'పరికరంలో ఖాళీ లేదు' అని. డిస్క్ నిండిందనుకుని ఖాళీ చూసుకుంటూ కూర్చుంటారు పాపం. జరిగిందల్లా ఆ నంబరు అయిపోవడమే. ముందు రన్ మధ్యలో చచ్చిపోయి డెల్_డివైస్ దాకా రాకపోతే ఇలా అవుతుంది. ఒకే మెషీన్ మీద రెండు సీఐ జాబులు ఒకే ఐడీ వాడినా అంతే. నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు (ఒకే కెర్నెల్‌లో విడివిడి నెట్‌వర్క్ గదులు) వేరైనా లాభం లేదు, ఐడీల పట్టిక మొత్తం కెర్నెల్‌కి ఒక్కటే. స్క్రిప్టులో షెల్ 'ట్రాప్' ఆదేశం పెట్టి ఎలా బయటికొచ్చినా పరికరం తీసేయాలి. ఐడీని యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఈ ఎర్రర్ వస్తే ఇంకోటి తీసుకోవాలి. కెర్నెల్ వాళ్ళ పైథాన్ లైబ్రరీ చేసేదీ అదే.

రెండోది ఇంటర్‌ఫేస్ పేరు. ఎకో ముగిసేసరికి ఇంటర్‌ఫేస్ తయారుగానే ఉంటుంది, కానీ పేరు ఇంకా స్థిరపడి ఉండదు. కెర్నెల్ ముందు ఈథ్0 లాంటి పేరు పెడుతుంది. వెనకాలే యూడెవ్ (పరికరాలకి పేర్లు పెట్టే సర్వీసు) వచ్చి దాన్ని ఈఎన్ఐ10ఎన్‌పీ1 లాంటిదిగా మారుస్తుంది. మధ్యలో మీ స్క్రిప్టు పాత పేరు పట్టుకుంటే 'అలాంటి పరికరం లేదు' అని వస్తుంది, అదీ పదిసార్లలో ఒకసారే, అదీ సీఐలోనే. మందు చిన్నదే: ఎకో తర్వాత 'యూడెవ్ఏడీఎం సెటిల్' నడపాలి, ఆ తర్వాతే పరికరం డైరెక్టరీలోని 'నెట్' ఫోల్డర్ చూసి పేరు తీసుకోవాలి. పేరు ఇలా ఉంటుందని ఊహించి స్క్రిప్టులో రాసేయడం మాత్రం వద్దు. యూడెవ్ లేని చిన్న కంటైనర్ ఇమేజ్‌లో ఆ ఊహ తప్పుతుంది.

మూడోది సెక్యూర్ బూట్. ఇది కాస్త కోపం తెప్పించేదే. అది ఆన్‌లో ఉండటం వల్ల కెర్నెల్ లాక్‌డౌన్ మోడ్‌లో ఉంటే డీబగ్ఎఫ్ఎస్‌లో రాయడానికి రూట్ యూజర్‌కి (అడ్మిన్‌కి) కూడా అనుమతి ఉండదు. పరికరం సిస్ఎఫ్ఎస్ (/సిస్) లోంచి హాయిగా పుడుతుంది, డెవ్‌లింక్ ఆదేశాలూ పనిచేస్తాయి, తీరా తప్పులు పుట్టించే ఫైల్ దగ్గరికి వచ్చేసరికి 'అనుమతి లేదు'. సెక్యూరిటీ డైరెక్టరీ కింద లాక్‌డౌన్ అనే ఫైల్ చదివితే ఏ మోడ్‌లో ఉందో తెలుస్తుంది. 'నన్' దగ్గర చదరపు బ్రాకెట్ లేకపోతే విషయం అర్థమైనట్టే.

అందుకే దీన్ని రోజూ పనిచేసుకునే ల్యాప్‌టాప్ మీద కాకుండా వర్చువల్ మెషీన్‌లో నడపాలి. నెట్‌వర్క్‌మేనేజర్ కొత్త ఇంటర్‌ఫేస్ చూసి డీహెచ్‌సీపీ అడగడం మొదలుపెట్టవచ్చు, అది చిన్న చికాకు. ఇంకా పెద్దది ఒకటుంది, రిసోర్సుల దగ్గర చెబుతాను. వర్చువల్ మెషీన్ అంటే ఇమేజ్ తయారుచేసి ఇన్‌స్టాల్ చేసే తతంగం కూడా అక్కర్లేదు. వర్ట్‌మీ-ఎన్‌జీ అనే సాధనం ఉంది. కెర్నెల్ సోర్సులో నిలబడి 'వీఎన్‌జీ --బిల్డ్' అంటే కెర్నెల్ కట్టేస్తుంది. ఉత్త 'వీఎన్‌జీ' అంటే మీ మెషీన్ ఫైల్‌సిస్టమ్‌నే చూపిస్తూ ఆ కెర్నెల్‌ని బూట్ చేసి షెల్ ఇస్తుంది. కెర్నెల్ పానిక్ అయినా పోయేది ఆ కిటికీ ఒక్కటే.

ఇక అసలు బలం, డెవ్‌లింక్. ఇక్కడ నెట్‌డెవ్‌సిమ్ చూపించినన్ని సౌకర్యాలు చాలా నిజం కార్డులు కూడా చూపించవు. పారామీటర్లు, రిసోర్సులు, హెల్త్ రిపోర్టర్లు (కార్డు లోపాలు చెప్పేవి), రీజియన్ స్నాప్‌షాట్లు (కార్డు మెమరీ నకళ్ళు), ట్రాపులు (కార్డు సీపీయూకి పంపే ప్యాకెట్ల లెక్క), ఫ్లాష్ అప్‌డేట్, రీలోడ్, ఈ-స్విచ్ (కార్డు లోపలి స్విచ్) మోడ్, రేటు పరిమితులు అన్నీ ఉన్నాయి.

హెల్త్ రిపోర్టర్ని చూడండి. పరికరానికి 'ఎంప్టీ', 'డమ్మీ' అని ఇద్దరు రిపోర్టర్లు. డీబగ్ఎఫ్ఎస్‌లో పరికరం కింద 'హెల్త్' ఫోల్డర్‌లోని బ్రేక్_హెల్త్ ఫైల్‌లో ఏదో ఒక మాట రాస్తే కార్డు చెడిపోయినట్టు నటిస్తుంది. 'డెవ్‌లింక్ హెల్త్ షో' అంటే డమ్మీ రిపోర్టర్ ఎర్రర్ లెక్క ఒకటి పెరిగి ఉంటుంది, ఆటో రికవరీ ఆన్‌లో ఉంటే రికవరీ లెక్క కూడా పెరుగుతుంది, స్థితి 'హెల్తీ'కి తిరిగొస్తుంది. పక్కనే ఉన్న ఫెయిల్_రికవర్‌లో 'వై' రాసి మళ్ళీ చెడగొడితే ఈసారి కోలుకోదు, స్థితి 'ఎర్రర్' దగ్గరే ఆగిపోతుంది. గమనించండి, ఈ రెండో సందర్భంలో బ్రేక్_హెల్త్‌లో రాయడమే ఎర్రర్‌తో ముగుస్తుంది. స్క్రిప్టులో 'సెట్ -ఈ' పెట్టుకున్నవాళ్ళ టెస్టు అక్కడే ఆగిపోతుంది, కావాలనుకున్నదే జరిగినా సరే. కార్డు ఆరోగ్యం చూసి అలర్ట్ పంపే మానిటరింగ్ ప్రోగ్రాం రాసేవాళ్ళకి ఈ రెండు ఫైళ్ళే చాలు. నిజం కార్డుని కావాలన్నప్పుడు చెడగొట్టడం, కావాలన్నప్పుడు కోలుకోనీయకపోవడం ఎవరి తరం?

ఫ్లాష్ అప్‌డేట్ కూడా నటనే, కానీ నటనలోనూ ఒక షరతుంది. 'డెవ్‌లింక్ డెవ్ ఫ్లాష్' ఆదేశానికి ఇచ్చే ఫైల్ /లిబ్/ఫర్మ్‌వేర్ కింద నిజంగా ఉండాలి. ఎందుకంటే ఫైల్ తెరిచేది డ్రైవర్ కాదు, డెవ్‌లింక్ కోర్. లోపల ఏముందో ఎవరూ చూడరు, వైఫై చిప్పు ఫర్మ్‌వేర్ ఇచ్చినా సరే. కంటైనర్ లాంటి చిన్న ఇమేజ్‌లో ఆ డైరెక్టరీ ఖాళీగా ఉంటే కెర్నెల్ సెల్ఫ్‌టెస్టు కూడా 'తగిన ఫైల్ దొరకలేదు' అని ఆ పరీక్ష దాటేస్తుంది. ఏదైనా చిన్న ఫైల్ ఒకటి రాసి పెట్టుకుంటే నయం, సున్నా బైట్లు కాకుండా చూసుకోండి. అప్‌డేట్ ముక్కలు ముక్కలుగా సాగినట్టు ప్రోగ్రెస్ చూపిస్తుంది కాబట్టి, శాతాలు చూపించే మీ స్క్రీన్‌ని దీంతోనే సరిచూసుకోవచ్చు.

రీలోడ్ విషయంలో డోంట్_అలౌ_రీలోడ్, ఫెయిల్_రీలోడ్ అని రెండు మీటలున్నాయి. ఒకటి మొదట్లోనే వద్దంటుంది, రెండోది పాతది కూల్చేశాక కొత్తది లేపేటప్పుడు ఫెయిలవుతుంది. పేర్లు ఒకేలా అనిపించినా పరీక్షించే దారులు వేరు. మొదటి దాని తర్వాత కార్డు యథాతథంగా ఉంటుంది, రెండో దాని తర్వాత పోర్టులుండవు. కోలుకునే కోడ్‌లో బగ్గులు దాక్కునేది రెండో దారిలోనే. చాలామంది మొదటిది ఒక్కటే పరీక్షించి ఊరుకుంటారు.

స్నాప్‌షాట్ల రీజియన్ 'డమ్మీ' పేరుతో 32 కిలోబైట్లు, గరిష్ఠంగా 16 స్నాప్‌షాట్లు. పదిహేడోది అడిగితే నిరాకరిస్తుంది. డంపులు సేకరించే ఏజెంటు పాతవి చెరుపుతోందా లేదా అన్నది పదిహేడు సార్లు తిప్పితే తేలిపోతుంది. ట్రాపులు పోర్టు అప్‌లో ఉన్నప్పుడే పనిచేస్తాయి. 100 మిల్లీసెకన్లకోసారి దొంగ ప్యాకెట్లు పుట్టించి పైకి పంపుతుంది. ట్రాప్ లెక్కలు కదలడం లేదంటే ముందు లింక్ అప్ చేశారో లేదో చూసుకోవాలి.

రిసోర్సుల దగ్గర ఆ పెద్ద చికాకు. '/ఐపీవీ4/ఫిబ్' (రూట్ల పట్టిక) అనే రిసోర్సుకి సైజు 100 అని పెట్టి రీలోడ్ చేస్తే, హార్డ్‌వేర్ రూట్ పట్టిక నిండిన స్విచ్ ఎలా ప్రవర్తిస్తుందో అలా ప్రవర్తిస్తుంది. పరిమితి దాటిన రూట్‌ని 'మద్దతున్న ఫిబ్ ఎంట్రీల సంఖ్య దాటింది' అన్న సందేశంతో తిప్పికొడుతుంది. రౌటింగ్ డెమన్ల పరీక్షకి ఇది బంగారం. కానీ లెక్కపెట్టేది నెట్‌డెవ్‌సిమ్ ఇంటర్‌ఫేస్ మీది రూట్లనే కాదు, ఆ పరికరం ఉన్న నేమ్‌స్పేస్‌లోని అన్ని రూట్లనూ. అంటే హోస్ట్ నేమ్‌స్పేస్‌లో ఈ పరీక్ష పెట్టి సైజు తగ్గిస్తే మీ అసలు నెట్‌వర్క్ రూట్లు కూడా అదే పరిమితికి లోబడతాయి. వీపీఎన్ కలవకపోవడం, కంటైనర్ లేవకపోవడం లాంటి వింతలు చూస్తారు, కారణం మాత్రం తట్టదు. పద్ధతి ఏమిటంటే: ముందు 'ఐపీ నెట్ఎన్ఎస్ యాడ్' తో ఒక నేమ్‌స్పేస్ తయారుచేయాలి, 'డెవ్‌లింక్ డెవ్ రీలోడ్' ఆదేశానికి ఆ నేమ్‌స్పేస్ పేరు ఇచ్చి పరికరాన్ని మొత్తంగా అందులోకి పంపాలి, ఆ తర్వాతే పరిమితి పెట్టాలి. ఉత్త 'ఐపీ లింక్ సెట్' తో ఇంటర్‌ఫేస్‌ని మాత్రం పంపితే సరిపోదు. లెక్క పెట్టేది డెవ్‌లింక్ పరికరం, అది పాత చోటే ఉండిపోతుంది.

ఈథ్‌టూల్ వైపు రింగ్ సైజులు, కోలెస్సింగ్ (ఇంటరప్టులని గుంపు చేయడం), పాజ్, ఎఫ్ఈసీ (లింకు మీది తప్పులు సరిదిద్దే కోడింగ్) ఉన్నాయి. పోర్టు డీబగ్ డైరెక్టరీలో ఈథ్‌టూల్ ఫోల్డర్ కింద గెట్_ఎర్ర్, సెట్_ఎర్ర్ ఫైళ్ళు చిన్నవే గానీ గొప్ప ఉపకారం చేస్తాయి. సెట్_ఎర్ర్‌లో 11 అని రాసి ఎఫ్ఈసీ మార్చబోతే 'వనరు ప్రస్తుతానికి అందుబాటులో లేదు' అన్న ఎర్రర్ వస్తుంది. అంకెలో మైనస్ గుర్తు పెట్టకూడదు, లోపల అదే పెట్టుకుంటుంది. పని అయ్యాక 0 రాయడం మరిచిపోతే తర్వాతి టెస్టులు వరసపెట్టి కూలుతాయి.

బీపీఎఫ్ ఆఫ్‌లోడ్ ఇప్పుడు వాడేవాళ్ళు తక్కువ కాబట్టి రెండు మాటలే. మ్యాప్‌లో రెండు ఎంట్రీలకి మించి పట్టవు, అంతకంటే పెద్దది అడిగితే మెమరీ లేదంటుంది. అది లోపం కాదు, కావాలనే పెట్టిన గీత. వెరిఫయర్‌ని (ప్రోగ్రాం సురక్షితమా అని చూసేది) కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసే ఫైల్ ఒకటుంది, రేస్ కండిషన్లు పట్టుకోవడానికి.

ప్యాకెట్ల సంగతికి వస్తే, మొదట్లో ఇది బావి లాంటిది, పంపినవన్నీ మునిగిపోయేవి. 2024లో వచ్చిన 6.9 నుంచి రెండు నెట్‌డెవ్‌సిమ్ పోర్టులని జతకట్టవచ్చు. బస్ డైరెక్టరీలోని లింక్_డివైస్ ఫైల్‌లో రెండు చివరలనీ రాయాలి. ఒక్కో చివర 'నేమ్‌స్పేస్ ఫైల్ డిస్క్రిప్టర్ : ఇంటర్‌ఫేస్ ఇండెక్స్' రూపంలో ఉంటుంది. ఇక్కడ చాలామంది పడే గుంట సూడో. బాష్‌లో నేమ్‌స్పేస్ ఫైల్‌ని ఎగ్జెక్‌తో తెరిచి, వచ్చిన నంబరుని 'సూడో టీ' ద్వారా రాస్తే ఫెయిలవుతుంది. ఆ డిస్క్రిప్టర్ నంబరుకి అర్థం ఉన్నది దాన్ని రాసే ప్రాసెస్‌లోనే, సూడో ఏమో 3 నుంచి పైనున్న డిస్క్రిప్టర్లన్నీ మూసేసి గానీ టీని మొదలుపెట్టదు. స్క్రిప్టు మొత్తాన్ని రూట్‌గా నడిపితే ఈ గొడవ లేదు. కలిపాక రెండు చివరల మధ్య టీసీపీ కనెక్షన్ నడుస్తుంది. వేగం కొలవడానికి మాత్రం ఇది తగదు, వచ్చే అంకె మీ సీపీయూది.

ఈ పని వీఎత్‌తో (కెర్నెల్‌లోని జంట వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు) జరిగిపోదా అని అడగొచ్చు. ప్యాకెట్ అటు నుంచి ఇటు చేరితే చాలనుకుంటే వీఎత్ చాలు, అన్ని కెర్నెళ్ళలోనూ ఉంటుంది కూడా. డెవ్‌లింక్, ఆఫ్‌లోడ్ ఆదేశాలు కావాలంటేనే నెట్‌డెవ్‌సిమ్.

ఎస్ఆర్-ఐఓవీ దగ్గర దీని హద్దు స్పష్టంగా తెలుస్తుంది. పరికరం డైరెక్టరీలో ఎస్ఆర్‌ఐఓవీ_నమ్‌వీఎఫ్ఎస్ ఫైల్‌లో 3 అని రాస్తే మూడు వీఎఫ్‌లు (వర్చువల్ కార్డులు) వస్తాయి. మామూలుగా పరిమితి 4, డీబగ్ఎఫ్ఎస్‌లోని మ్యాక్స్_వీఎఫ్ఎస్‌తో పెంచుకోవచ్చు, వీఎఫ్‌లు ఆన్‌లో లేనప్పుడే. ఈ-స్విచ్‌ని స్విచ్‌డెవ్ మోడ్‌కి మారిస్తే ఒక్కో వీఎఫ్‌కి ప్రతినిధి పోర్టు పుడుతుంది. ఇంతవరకు బాగుంది. కానీ ఇది పీసీఐ పరికరం కాదు. ఎల్ఎస్‌పీసీఐలో కనబడదు, పీసీఐ చిరునామా ఉండదు, వీఎఫ్‌ని గెస్ట్‌కి అప్పగించడానికి వీఎఫ్ఐఓ (పరికరాన్ని గెస్ట్‌కి ఇచ్చే కెర్నెల్ భాగం) చేతికి ఏమీ దొరకదు. పీసీఐ చిరునామాలు నడుచుకుంటూ వెళ్ళి వీఎఫ్‌లు వెతికే ఏ ఆర్కెస్ట్రేషన్ కోడ్ అయినా దీన్ని చూడనే చూడదు.

ఆ అవసరం ఉన్నవాళ్ళు క్యూఎము (మెషీన్ ఎమ్యులేటర్) వైపు వెళ్ళాలి. 2023లో వచ్చిన క్యూఎము 8.0 నుంచి 'ఐజీబీ' అనే పరికరం ఉంది. ఇంటెల్ 82576 చిప్పుని రిజిస్టర్ల స్థాయిలో అనుకరిస్తుంది, ఎస్ఆర్-ఐఓవీతో సహా. మెషీన్ రకం క్యూ35 ఎంచుకుని, ఇంటెల్ ఐఓఎంఎంయూ పరికరం కూడా చేరిస్తే గెస్ట్ లోపలే వీఎఫ్‌ని వీఎఫ్ఐఓకి కట్టి పరీక్షించవచ్చు. గెస్ట్‌లో నడిచేది మార్పులేమీ లేని అసలు ఐజీబీ డ్రైవర్. ఈ1000 (82540ఈఎం), ఈ1000ఈ (82574ఎల్) మోడళ్ళూ ఇదే కోవ. అసలు డ్రైవర్ కోడ్‌ని కార్డు లేకుండా పరీక్షించాలంటే దారి ఇదే. ఇంకా బయటికి రాని మీ చిప్పుకైతే క్యూఎములో దాని మోడల్ మీరే రాసుకోవాలి. అది నెలల పని, పైగా ఆ మోడల్‌లో మీరు చేసిన తప్పుకి సరిపోయేలా డ్రైవర్ రాసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. డేటాషీట్ చదివి మోడల్ రాసే మనిషి, డ్రైవర్ రాసే మనిషి వేరుగా ఉండాలనేది అందుకే.

వైఫై పరీక్షకైతే మ్యాక్80211_హెచ్‌డబ్ల్యూసిమ్ ఉంది, అది నెట్‌డెవ్‌సిమ్ కంటే వయసులో చాలా పెద్దది. ఏమీ చెప్పకపోతే రెండు రేడియోలు ఇస్తుంది, హోస్ట్ఏపీడీ (వైఫై యాక్సెస్ పాయింట్ సాఫ్ట్‌వేర్) వాళ్ళ పరీక్షలు దాని మీదే నడుస్తాయి. డీపీడీకే (యూజర్‌స్పేస్‌లోనే ప్యాకెట్లు నడిపే లైబ్రరీ) ప్రోగ్రాములకి ఇవేవీ అక్కర్లేదు, '--వీడెవ్' తో నల్, ట్యాప్, పీక్యాప్ పరికరాలు అందులోనే ఉన్నాయి.

మళ్ళీ నెట్‌డెవ్‌సిమ్‌కే వస్తే, ఎవరూ పట్టించుకోని షరతు ఒకటుంది. కెర్నెల్ నెట్‌వర్కింగ్ వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో సూటిగానే రాశారు: ఇది కెర్నెల్ వాళ్ళ సొంత టెస్టుల కోసమే, దీని ఇంటర్‌ఫేస్ మారదని హామీ లేదు, దీనికి కొత్త సౌకర్యం చేర్చాలంటే సెల్ఫ్‌టెస్టు కూడా జతచేయాలి. కొత్త ఏపీఐ ప్రతిపాదించేవాళ్ళు నెట్‌డెవ్‌సిమ్‌లో చూపిస్తే సరిపోదు, నిజం డ్రైవర్‌లోనూ అమలు చేసి చూపించాలి. కంపెనీ ఉత్పత్తికి సంబంధించిన టెస్టులు దీని మీద కట్టుకునేవాళ్ళు ఈ వాక్యాన్ని గోడకి అంటించుకోవాలి. జతకట్టే సౌకర్యం వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి: అంతకుముందు ఒంటరి పోర్టు మీంచి పంపిన ప్యాకెట్లు 'పంపినవి' లెక్కలో పడేవి, తర్వాత 'డ్రాప్ అయినవి' లెక్కలోకి మారాయి. పంపిన లెక్క పెరిగిందా అని చూసే టెస్టు ఏ తప్పూ చేయకుండానే ఫెయిలవుతుంది. కాబట్టి ఒకే కెర్నెల్ వెర్షన్‌కి కట్టుబడాలి. దాన్ని పెంచిన రోజున నెట్‌డెవ్‌సిమ్ డైరెక్టరీలో ఏం మారిందో గిట్ లాగ్‌లో చదవాలి.

కెర్నెల్ సెల్ఫ్‌టెస్టులనే నడపాలనుకునేవాళ్ళకి: 'మేక్' ఆదేశానికి టార్గెట్స్ విలువని డ్రైవర్స్/నెట్/నెట్‌డెవ్‌సిమ్ అని ఇచ్చి రన్_టెస్ట్స్ అంటే చాలు. మామూలు కెర్నెల్ మీద నడిపితే సగమే ఫలితం. డీబగ్.కాన్ఫిగ్ కలిపి కట్టిన కెర్నెల్ మీద, అంటే కాసాన్, లాక్‌డెప్ ఆన్ చేసి నడిపితేనే వాడేసిన మెమరీని మళ్ళీ తాకడం, లాకుల వరస తప్పడం బయటపడతాయి. నిదానంగా నడుస్తుంది, టైమౌట్లు పెంచుకోవాలి. జేక్యూ (జేసన్ చదివే సాధనం), కొత్త ఐపీరూట్2 (ఐపీ, డెవ్‌లింక్ ఆదేశాలు అందులోవే), కొత్త ఈథ్‌టూల్ కూడా ఉండాలి. డిస్ట్రోతో వచ్చిన పాత డెవ్‌లింక్ సాధనానికి కొత్త కెర్నెల్ ఆదేశాలు తెలియవు. అప్పుడు టెస్టు ఫెయిలవదు, 4 అనే ఎగ్జిట్ కోడ్‌తో 'స్కిప్' అయిపోతుంది. పచ్చరంగు చూసి సంతోషించే ముందు ఎన్ని స్కిప్ అయ్యాయో లెక్కపెట్టండి. మీ సీఐ 4ని పాస్ కింద జమ కడుతుంటే, ముందు దాన్ని సరిచేయండి.